స్కాట్లండు దేశమున విస్కీ రుచి నేర్చుట

విస్కీ యను మాట మన యిండ్లలో వినరాని మాట. అందుకు కారణము లేకపోలేదు. కూలి డబ్బులు చేతికి వచ్చిన సాయంకాలము సారా దుకాణమునకు పోయి, రాత్రికి వట్టిచేతులతో ఇల్లు చేరు మగవారిని మన పల్లెలు తరతరములుగా చూచినవి. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లాలోని దూబగుంట గ్రామమున, అక్షరములు దిద్దుకొనుటకు రాత్రిబడికి పోయిన స్త్రీలే ఏకమై సారా దుకాణమును మూయించిరి. ఆ పోరాటము జిల్లా యంతటను, పిదప రాష్ట్రమంతటను వ్యాపించెను. 1993 అక్టోబరు 1వ తేదీ నుండి నాటి ఆంధ్రప్రదేశమున సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలింపబడెను. ఇట్టి చరిత్ర గల సీమలో పుట్టిన మేము విస్కీ రుచి నేర్చుటకు దేశాంతరము పోయితిమన్నచో మీలో కొందరు ముక్కుమీద వ్రేలు వేసికొనక మానరు.

పోయిన కారణమును ముందుగా విన్నవించెదము. సారా దుకాణము ఊరి చివర నుండెడిది. విస్కీ సీసా యిప్పుడు ఇంటి నడుమకు వచ్చినది. పెండ్లివిందులలోను, పట్టణములలోని స్నేహితుల యిండ్లలోను, విదేశములందున్న మన బిడ్డల భోజనపు బల్లలపైనను అది కానవచ్చుచున్నది. 2022వ సంవత్సరమున స్కాట్లండు విస్కీ సీసాలను అన్ని దేశములకంటె ఎక్కువ సంఖ్యలో కొన్నది మన దేశమే. ఇంటిలోనికి వచ్చిన వస్తువు మంచిదో చెడ్డదో, ఎంతవరకు మంచిదో, ఎచ్చట చెడ్డదగునో గృహిణికి తెలిసియుండవలెను గదా! భయపడి కన్నులు మూసికొనుట యొక తీరు. వేడుకపడి నలుగురితో గుటకవేయుట యింకొక తీరు. ఈ రెండును తెలివి కానేరవు.

మేమన మే మిరువురము దంపతులము. మాతో మా వదినగారును వచ్చిరి. వదినగారి పుట్టినిల్లు నెల్లూరు సీమలోనిది. నాటి పోరాటమున తమ యూరి సారా దుకాణము నెదుట బైఠాయించిన కోడండ్రలో ఆమె యొకరు. "మీరు రుచి చూడండి, నేను మిమ్మల్ని చూస్తూ ఉంటాను. చుక్క మాత్రం నోట వేయను" అను నొడంబడికపై ఆమె బయలుదేరిరి.

ఎడింబరో నగరమునుండి ఆబర్డీను మీదుగా ఎల్గిను వరకు రైలుబండిలో పోయి, అచ్చటినుండి కారులో స్పే నదీతీరమునకు చేరితిమి. స్పే నది మన కృష్ణా గోదావరులవలె వెడల్పైనది కాదు. రాళ్లమీదుగా వడిగా పరుగిడు చిన్నది. ఇరుప్రక్కలను బార్లీ చేలు, వాని వెనుక ఊదారంగు పూలపొదలు కప్పిన కొండలు. చెట్ల నడుమ నచ్చటచ్చట బౌద్ధ దేవాలయపు శిఖరములవంటి కప్పులు కనబడును. అవి గుడులు కావు, విస్కీశాలలు! స్కాట్లండునందలి సుమారు 150 విస్కీశాలలలో 50 వరకు ఈ యొక్క నదీ ప్రాంతముననే యున్నవి.

విస్కీ యను పేరు అచ్చటి గేలిక్ భాషలో "జీవజలము" అను అర్థము గల మాటనుండి పుట్టినది. 1494వ సంవత్సరపు రాజుగారి ఖజానా లెక్కలలో, జీవజలము దించుటకై జాన్ కార్ అను సన్న్యాసికి మొలకధాన్య మిచ్చినట్లు వ్రాసియున్నది. స్కాట్లండున దీనిని గూర్చిన మొదటి వ్రాత యిదియే. తరువాతి కాలమున రైతు కుటుంబములు పంట మిగిలినపుడు ఇంటివెనుక చిన్న బట్టీ పెట్టుకొనుట వాడుక యయ్యెను. సుంకము పెరిగినకొలది ఆ బట్టీలు చాటుబట్టీలైనవి.

మేము మొదట చూచిన కార్డూ విస్కీశాల యిట్టి రైతుటింటనే పుట్టినది. 1811లో జాన్ కమింగ్, హెలెన్ కమింగ్ అను దంపతులు ఈ పొలమును కౌలునకు తీసికొనిరి. బట్టీ పని హెలెనుదే. ఆబ్కారీ ఉద్యోగులు ఆ దారిని వచ్చినపుడు దాపున సత్రములు లేమిచే ఈమె యింటనే దిగెడివారు. ఆమె చేతులకు పిండి పూసికొని రొట్టెలు చేయుచున్నట్లు నటించి, వారికి భోజనము వడ్డించి, మెల్లగా వెలుపలికి పోయి కొట్టముమీద ఎర్రజెండా యెత్తెడిదట! దానిని చూచి చుట్టుప్రక్కల యిండ్లవారు తమ బట్టీలను దాచుకొనెడివారు. 1823వ సంవత్సరపు చట్టముచే లైసెన్సు పొందుట సులభము కాగా, 1824లో వారును లైసెన్సు పుచ్చుకొనిరి. హెలెను కోడలు ఎలిజబెత్ కమింగ్ 1872లో భర్తను పోగొట్టుకొని, పసిబిడ్డలతో నుండియు వ్యాపారమును తానే నడపెను. ఆమె కొత్త కట్టడము కట్టించి, పాత రాగిబానలను విలియం గ్రాంటు అనువారి కమ్మెను. వానితో గ్రాంటు నెలకొల్పినదే గ్లెన్‌ఫిడిక్ విస్కీశాల. 1893లో ఆమె తన విస్కీశాలను జానీ వాకర్ విస్కీ చేయు సంస్థకు విక్రయించెను. నేడు సీసాలమీద మనము చదువు పేర్లలో గ్రాంటులు, వాకరులు, జేమ్సనులు కలరు. అత్తాకోడండ్ర పేర్లు మాత్రము వెదకి తెలిసికొనవలసి వచ్చును.

ఈ కథ విని వదినగారు చాలసేపు పలుకలేదు. పిదప మాతో నిట్లనిరి: "ఆ తల్లికి బట్టీ ఇంటికి సంపాదన తెచ్చింది. మాకేమో ఇంటి సంపాదనను తినేసింది. ఆమె జెండా ఎత్తినా, మేం కొట్టు మూయించినా ఇల్లు కాచుకోవడానికే కదా!" ఆ మాట మాకు దారిపొడుగునను తోడుగా వచ్చినది.

విస్కీ చేయు విధమును చూచిన స్త్రీకి అది వింతగా తోచదు. పసిబిడ్డలకు మనము రాగులు నానబోసి, గుడ్డలో మూటగట్టి, మొలకలు వచ్చిన పిదప ఎండబెట్టి పిండి చేయుదుము గదా! మొలక వచ్చిన గింజ తియ్యనగును. గింజలోని పిండిపదార్థము చక్కెరగా మారుటకు అదియే ఆరంభము. ఇచ్చట బార్లీ గింజలకును అదే పని చేయుదురు. వానిని నానబెట్టి, నేలమీద పరచి, అడుగుగింజలు వేడెక్కకుండ పారలతో త్రిప్పుచు మొలకెత్తింతురు. తగిన సమయమున వేడిగాలితో ఆరబెట్టి మొలకను ఆపుదురు. ఇదియే మాల్టు. దానిని మరపట్టి వేడినీట కలిపి, తియ్యని నీరు తీసి, ఈస్టు చేర్చి రెండు మూడు దినములు పులియబెట్టుదురు. పులిసిన నీటిని రాగి లోహపు బానలలో కాచి ఆవిరిని చల్లార్చి దింపుదురు. ఇట్లు సాధారణముగా రెండు మారులు. రెండవమారు మొదట వచ్చినదానిని, కడపట వచ్చినదానిని వేరుచేసి, నడిమి భాగమును మాత్రము గ్రహింతురు. దానికి "హృదయము" అని వారు పెట్టిన పేరు.

అప్పుడది మంచినీటివలె తెల్లగా నుండును. దానిని ఓకు కఱ్ఱ పీపాలలో పోసి, చీకటి గోదాములలో మూడేండ్లకు తక్కువ కాకుండ నిలువ యుంచవలెనని చట్టము. పది పండ్రెండేండ్లుంచుట సాధారణము. రంగును, రుచిలో పెద్ద భాగమును కఱ్ఱనుండియే వచ్చును. ఏటేట నూటికి సుమారు రెండు పాళ్లు గాలిలో కలిసిపోవును. దానికి వారు "దేవదూతల వాటా" అని పేరు పెట్టిరి. మేము గోదాములో నడుగిడినంతనే ఆ వాటా వాసన మమ్ము చుట్టుకొన్నది. వదినగారు కన్నులు మూసికొని, "మా అమ్మమ్మ వాళ్ళ కొట్టుగది! పాత బెల్లపు కుండలు, తడిసిన చెక్క" అనిరి.

రుచి చూచు పాఠము ఇక వచ్చును. మాకు నేర్పిన యామె నడివయస్సు దాటిన స్త్రీ. చిన్న గదిలో బల్లమీద, అడుగు వెడల్పై మూతి సన్నగా నుండు గాజుగ్లాసులను పెట్టెను. ఒక్కొక్కదానిలో రెండేసి చెంచాలకు మించి పోయలేదు. ప్రక్కన నీళ్లును, ఉమియుటకు పాత్రయు నుండెను. ఉమియుట ఇచ్చట మర్యాదకు లోపము కాదు. బ్రతుకుతెరువుగా రుచిచూచువారందరును అట్లే చేయుదురట.

మొదటి నియమము, రంగును చూచి మోసపోరాదు. కాల్చిన చక్కెర రంగును కలుపుటకు చట్టము అనుమతించును గనుక ముదురురంగు ముదిమికి గుర్తు కానేరదు. రెండవది, గ్లాసును ముక్కునకు దూరముగా నుంచి, నోరు కొంచెము తెరచి వాసన చూడవలెను. మొదటిమారు ఘాటు తప్ప మరేమియు తెలియదు. రెండవమారు తియ్యదనము తెలియును. మూడవమారు పేర్లు తోచును. మూడవది, చిన్న గుటక తీసి, వెంటనే మ్రింగక నాలుకయంతటను తిరుగనీయవలెను. మ్రింగిన పిదప ఎంతసేపు ఏ రుచి నిలుచునో కనిపెట్టవలెను. నాల్గవది, కొన్ని చుక్కల నీరు కలిపి మొదటినుండి మరల చూడవలెను. నీరు కలిపినచో రుచి చెడునని మన మగవారు కొందరందురు, అది సరికాదు. వేసవిలో వట్టివేళ్ల తడికెమీద నీరు చల్లినపుడు గాని దాని పరిమళము లేవదు గదా! స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిన లెక్కలచొప్పున, నీరు చేర్చినపుడు పొగవాసన నిచ్చు పదార్థము ద్రవముయొక్క పైభాగమునకు చేరును. అచ్చట దానిని ముక్కు సులభముగా పట్టుకొనును.

మొదటి గ్లాసు అమెరికాలో వాడిన పీపాలలో నిలువయుంచిన సింగిల్ మాల్టు. సింగిల్ మాల్టనగా ఒకే విస్కీశాలలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేసినది. మాకు మొదట మంట తప్ప వేరు తెలియలేదు. నీరు చేర్చిన పిదప తేనెయు, బేరిపండును తోచినవి. రెండవది స్పెయిను దేశపు షెర్రీ యను ద్రాక్షసారాయము నిలిచిన పీపాలలోనిది. దానిలో ఎండుద్రాక్ష, ఖర్జూరము, దాల్చినచెక్క. మూడవది బ్లెండెడ్, అనగా పెక్కు శాలల మాల్టు విస్కీలను, ఇతర ధాన్యములతో చేసిన తేలిక విస్కీలను కలిపినది. 1830లో ఈనియస్ కాఫీ అను ఐర్లండువాడు ఎడతెగక దించు యంత్రమునకు పేటెంటు పొందుటచే ఈ తేలిక విస్కీ చౌకగా దొరకజొచ్చినది. విచిత్రమేమన, అతడు పూర్వము ఆబ్కారీ ఉద్యోగియే! నేటికిని లోకమున అమ్ముడగు స్కాట్లండు విస్కీలో అధికభాగము బ్లెండెడే.

వదినగారు మాటతప్పక చుక్కయైనను త్రాగలేదు. కాని ఒక్కొక్క గ్లాసును ముక్కునొద్ద పట్టి, "ఇది పచ్చి కొబ్బరి. ఇందులో లవంగం ఉంది. ఇది మామిడితాండ్ర" అని మాకంటె ముందుగా చెప్పసాగిరి. నేర్పు నామె ఆశ్చర్యపడి, పలు పీపాల విస్కీలను కూర్చు ప్రధాన నిపుణులు రోజున కెన్నియో నమూనాలు చూతురనియు, వారి పని యంతయు ముక్కుతోనే గాని గొంతుతో కాదనియు తెలిపెను. నేడు ఆ పదవులలో స్త్రీలును కలరు. రసాయనశాస్త్రము చదివిన రేచెల్ బారీ యను నామె పలు ప్రసిద్ధ సంస్థలలో పనిచేసి, 2017లో బెన్‌రియాక్ సంస్థలో మాస్టర్ బ్లెండరుగా చేరెను. పోపు వేగినదో మాడినదో పక్కగదినుండి చెప్పగల మన ముక్కులకు కొరత యేమి? మనకు లేనిది పేరుపెట్టి చెప్పు అభ్యాసము మాత్రమే.

స్పే తీరమునుండి గ్లాస్గో నగరము మీదుగా పడమటి సముద్రపుటొడ్డున నున్న కెనక్రెయిగ్ రేవునకు పోయి, అచ్చట ఓడ యెక్కి రెండు గంటలకు పైగా ప్రయాణము చేసి ఐలా ద్వీపమునకు చేరితిమి. ఇది సుమారు మూడువేల జనముగల ద్వీపము. చెట్లు తక్కువ, గాలి యెక్కువ. బొమోర్ గ్రామమున 1767లో కట్టిన గుండ్రని చర్చి యున్నది; సైతాను దాగుటకు మూలలు లేకుండ నట్లు కట్టిరని అచ్చటివారు చెప్పుదురు.

ఈ ద్వీపమున వంటచెఱకు దొరకదు. వేలయేండ్లుగా నీటినేలలో నాచు, గడ్డి చివికి పేరుకొన్న పీటు అను నల్లని మన్నును పలకలుగా కోసి, ఎండబెట్టి మండింతురు. మొలకెత్తిన బార్లీని ఈ పొగపై ఆరబెట్టుటచే విస్కీకి పొగరుచి పట్టును. దక్షిణపుటొడ్డున లఫ్రోయిగ్, లగవూలిన్, ఆర్డ్‌బెగ్ అను మూడు విస్కీశాలలు ఒకదాని వెంట నొకటి సముద్రమునకు ఎదురుగా, తెల్లని గోడలతో నిలిచియున్నవి. లఫ్రోయిగ్ విస్కీని ముక్కునొద్ద నుంచుకొనగా మాకు కట్టెలపొయ్యి పొగ, సముద్రపు నాచు, దానిపై దెబ్బలకు పూయు అయొడిన్ మందు వాసన వచ్చినది. అమెరికాలో మద్యనిషేధ మున్న దినములలో దీనిని మందు పేరిట అమ్మిరని చెప్పుదురు. మన భాషలో మందు అను మాట యిప్పుడు రెండర్థములు మోయుచున్నది గదా యని మేము నవ్వుకొంటిమి.

ఈ లఫ్రోయిగ్ శాలకు 1934లో గ్లాస్గో నుండి బెస్సీ విలియమ్సన్ అను యువతి ఒక వేసవిమట్టుకు గుమాస్తా పనికి వచ్చెను. యజమాని ఇయన్ హంటరునకు పక్షవాతము రాగా ఆమె భారమంతయు వహించెను. 1954లో ఆయన చనిపోవుచు విస్కీశాలను ఆమె పేరనే వ్రాసెను. 1972 వరకు ఆమె దానిని నడపెను. మూడు నెలల పనికి వచ్చిన పిల్ల ముప్పదియెనిమిదేండ్లు నిలిచి, బ్లెండెడ్ విస్కీలో కలుపుట కే వాడబడుచున్న ఈ పొగవిస్కీలను వేరుగా అమెరికాలో పరిచయము చేసెను.

ఇతర దేశముల విస్కీలును కలవు. ఐర్లండున సాధారణముగా మూడుమారులు దింపుదురు గనుక అది నునుపుగా నుండును. అమెరికాలో బూర్బన్ అనబడుటకు నూటికి 51 పాళ్లకు తక్కువకాని మొక్కజొన్న యుండవలెను. దానిని లోపల కాల్చిన కొత్త పీపాలలోనే నిలువచేయవలెను. అందుచే వనిల్లా తియ్యదనము వచ్చును. ఒకమారు వాడిన ఆ పీపాలే ఓడలెక్కి స్కాట్లండునకు వచ్చుచున్నవి. జపాను విస్కీ కథలోను ఒక స్కాట్లండు ఆడపడుచు కలదు. కర్కింటిలాక్ పట్టణపు రీటా కోవన్ 1920లో మసతాక తకెత్సురు అను జపాను విద్యార్థిని పెండ్లాడి, భర్తతో ఆ దేశము పోయెను. 1934లో ఆయన యోయిచి యందు విస్కీశాల నెలకొల్పెను. ఆమె 1961లో అచ్చటనే కన్నుమూసెను.

మన దేశమున బెంగుళూరునందలి అమృత్ సంస్థ తన సింగిల్ మాల్టును 2004లో మొట్టమొదట గ్లాస్గో నగరముననే విడుదల చేసెను. మన యెండకు అచ్చటి పీపాలలో ఏటేట నూటికి పది పాళ్లకు పైగా ఆవిరియగును. కావున నాలుగైదేండ్లకే పక్వమునకు వచ్చును. కాని మన దేశమున విస్కీ పేరిట చౌకగా అమ్ముడగుదానిలో పెద్ద భాగము చెఱకు మడ్డినుండి తీసిన స్పిరిటుతో చేసినదని మీరు తెలిసికొనవలెను. ధాన్యముతో చేయనిదానిని ఐరోపా దేశములు విస్కీ యని పిలువ నొప్పుకొనవు.

ఇంత కౌశలము గల దేశమున త్రాగుడు బాధ లేదనుకొందురేమో! ఉన్నది. అందుచేతనే ఆ దేశప్రభుత్వము 2018 మే 1వ తేదీ నుండి మద్యమునకు కనీసపు ధర నేర్పరచెను. 2024 సెప్టెంబరు 30 నుండి దానిని పెంచెను. వారి లెక్కలో పది మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాలు ఒక యూనిటు. వారముమీద 14 యూనిట్లకు మించరాదని అచ్చటి వైద్యుల సలహా. అచ్చటి చిన్న కొలత 25 మిల్లీలీటర్లు, అనగా ఒక యూనిటు. మన పెద్ద పెగ్గు 60 మిల్లీలీటర్లు. మన విస్కీ నూటికి 42.8 పాళ్ల బలము గలది. కావున ఒక్క పెగ్గే రెండున్నర యూనిట్లు! రాత్రికి మూడు పెగ్గులని తేలికగా పలుకువారు రెండు రాత్రులలోనే ఆ వారపు కొలతను దాటుదురు. ఆల్కహాలు ఏ కొద్దియైనను పూర్తిగా హానిలేనిది కాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో ప్రకటించినది. గర్భిణులు దానిని తాకనే రాదు.

కాగా, సోదరీమణులారా, మేము నేర్చినది యిది. రుచి యెరిగి త్రాగువాడు రెండు చెంచాలతో అరగంట గడపగలడు. నిషాకై త్రాగువానికి రెండవ గ్లాసున రుచియే తెలియదు. మీ యింటికి సీసా వచ్చినచో, త్రాగినను త్రాగకున్నను, దాని చీటీని మీరు చదువుడు. అది మాల్టో, బ్లెండెడో, మడ్డి స్పిరిటో, బలమెంతో చూడుడు. కొలతగ్లాసును దాని ప్రక్కనే యుంచుడు. కంటిచూపుతో పోయనీయకుడు. ఖాళీకడుపున త్రాగనీయకుడు, త్రాగినవారిని బండి నడపనీయకుడు. వద్దన్న యతిథిని బలవంతపెట్టుట ఆతిథ్యము కాదని పిల్లలకు చెప్పుడు. ఒక గ్లాసుతో ఆపలేనివాడు ఇంటనున్నచో, ఎంత గొప్ప దేశపు సీసాయైనను గడప దాటి లోనికి రానీయకుడు. ఆ యింట దానికి రుచి లేదు, వెల మాత్రమే యున్నది. ఆ వెలను చెల్లించువారు ఆలుబిడ్డలు.